గొడ్డలి కామ



పోయిన క్రిస్మస్ ప్రేమవిందుకి మందిరం వెనకాల నేను తుమ్మ మొద్దులు చీలుస్తుంటే మీలో చాలామంది చూశారు. మీరు చూడనిది ఒకటుంది. మూడో మొద్దు మీద ఎత్తి వేసేసరికి నా చేతిలో కామ ఒక్కటే మిగిలింది. గొడ్డలి ఎగిరిపోయి, సండేస్కూలు పిల్లలు పేళ్లు ఏరుతున్న చోట నేలలో దిగబడింది. అంతకు నిమిషం ముందే అమ్మగారు బిస్కెట్లకని వాళ్లను లోపలికి పిలిచారు. నేను అక్కడే కూలబడ్డాను. సిగ్గుతో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఇది చదువుతారని తెలిసే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ గొడ్డలి సంతలో నేనే ఎంచుకున్నాను. బొటనవేలితో పదును చూశాను, మెరుపు చూశాను, బేరమాడాను, అంతే. డిసెంబరు వచ్చేసరికి కామ వదులైంది. రాత్రంతా నీళ్లలో నానేస్తే బిగుస్తుందిలే అనుకున్నాను. బిగిసింది కూడా. కర్ర ఆరగానే మళ్లీ వదులవుతుంది. (శనివారం రాత్రి మాత్రమే వాక్యంలో నానే కాపరికి ఈ సంగతి వేరే చెప్పాలా!)

మన సంఘంలో కమ్మరి పని చేసిన తాతకి చూపించాను. ఆయన నవ్వలేదు.

"అయ్యగారూ, ఇది చెట్టు నరికేది. మొద్దు మీద వేస్తే ఇరుక్కుంటుంది. ఊడబీకడానికి మీరు అటూ ఇటూ ఊపుతారు. ఇంక కామ వదులు కాక ఏమవుద్ది?"

చీల్చే గొడ్డలికి పక్కలు మందంగా ఉండాలట, మొద్దును రెండు వైపులకీ తోసెయ్యాలి గనుక. బరువు 2 కిలోల లోపు చాలట. కామలో చెక్క గీతలు పొడవునా సాగాలి, అడ్డంగా పోతే విరుగుతుంది. కన్నంలోంచి కామ కొస పైకి కనబడాలి, అందులో చీల గట్టిగా దిగి ఉండాలి. "ముందు అక్కడ చూడండి. పదును నేను పెడతా" అన్నాడు.

ప్రసంగి 10:10లోని మొద్దుబారిన ఇనుము మీద చాలాసార్లు ప్రసంగించాను. ద్వితీయోపదేశకాండము 19:5 మీద ఒక్కసారీ లేదు. అక్కడ పొరుగువానితో కలిసి కట్టెలకు వెళ్లినవాని గొడ్డలి ఊడి ఆ పొరుగువానికే తగులుతుంది. సెమినరీ పరీక్షలో ఆరు ఆశ్రయపురాల పేర్లూ వరసగా రాశాను గానీ, అక్కడికి పరుగెత్తే మనిషి గుండె ఎలా కొట్టుకుందో ఆలోచించలేదు. పదును లేకపోతే అలసిపోయేది నేను. కామ వదులైతే దెబ్బ తినేది పక్కవాడు. నా ప్రసంగాల పదును చూసుకున్నంతగా, ఇంట్లో నా కోపం ఎవరి మీదికి ఎగిరిపడుతోందో చూసుకోలేదు. ఆ సంగతి అమ్మగారికి తెలుసు.

ఈసారి తాతను సంతకు వెంట తీసుకెళ్లాను. ఆయన అరడజను గొడ్డళ్లు తిప్పి చూసి పక్కన పెట్టేశాడు, ఇనుము ఒక్కటే కొనిపించాడు. తన దొడ్లో ఎండిన తుమ్మ కర్రతో కామ చెక్కిచ్చాడు. రంగూ లేదు, మెరుపూ లేదు.

ఈస్టరు విందుకి మళ్లీ కట్టెలు కొట్టాలి. పిల్లలూ, పేళ్లు ఏరడానికి నేను పిలిచాకే రండి. అందాకా మందిరం అరుగు మీదే కూర్చోండి.