నత్తకు వెన్న రాస్తే

చెన్నైకి ఉత్తరాన ఉన్న ఆరణి నుంచి పాండిచ్చేరికి దాదాపు 200 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి, చెన్నై దాటి సముద్రం పక్క రోడ్డు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి ఇంటిల్లిపాదీ ఫ్రెంచి హోటల్లో కూర్చోవచ్చు. మేము కూర్చున్నచోట మొదట నత్తలు వచ్చాయి. గుంటలు గుంటలుగా ఉన్న పళ్ళెంలో ఆరు గుల్లలు, వాటి మూతుల్లో వెల్లుల్లీ పార్స్‌లీ ఆకూ కలిపిన వెన్న ఇంకా కుతకుతలాడుతోంది. గుల్లను పట్టుకోవడానికి ఒక పటకారు, లోపలి ముక్కను లాగడానికి రెండు పళ్ళ ఫోర్కు. నమిలితే పుట్టగొడుగుకు కాస్త గట్టిదనం వచ్చినట్టుంది. రుచంతా వెల్లుల్లిదే. దీన్ని తినడం సాహసం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఫ్రెంచివాళ్ళ వింత వంటకాలుగా పేరుపడ్డవాటిలో చాలా భాగం లేనివాళ్ళ పొదుపులోంచి పుట్టినవే. ఉపవాస దినాల్లో మాంసం కింద లెక్కకు రాదని నత్తను తిన్నారు. మార్సెయ్ జాలర్లు అమ్ముడుపోని ముళ్ళచేపలను ఒకే కుండలో మరిగించుకున్న పులుసే ఈనాటి ఖరీదైన బుయ్యాబేస్. కాన్ పట్టణం పేరు చెప్పి వడ్డించేది ఎద్దు పొట్టపేగులు. మనం బోటి అంటాం. పంది నెత్తురుతో చేసే బూదాన్‌కు మన నెత్తురు వేపుడు దగ్గరి చుట్టం. మన చెరువుల్లో, వరిమళ్ళలో నత్తలకు కొదవ లేదు. వాటిని రాత్రంతా నీళ్ళలో ఉంచి, ఉడకబెట్టి, పిన్నీసుతో లాగి, ఉప్పుతో రుద్ది జిగురు పోగొట్టి వండుకునేవాళ్ళు ఉన్నారు. మొలలకు మంచిదని అడిగి తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ మన హోటళ్ళ మెనూలో ఆ కూర ఎన్నిచోట్ల కనిపిస్తుంది?

శుభ్రత మాటేమిటి అంటారు. న్యాయమైన అభ్యంతరమే. సరిగ్గా ఉడకని నత్త ద్వారా పరాన్నజీవులు ఒంట్లోకి చేరతాయి. అయితే ఫ్రాన్సులోనూ నత్తల్ని కొన్నాళ్ళు పస్తు పెట్టి, కడిగి, ఉడికించాకే వెన్న దాకా రానిస్తారు. జాగ్రత్త అక్కడా ఇక్కడా ఒకటే. ఎవరి నాలుక వాళ్ళది, అలవాటు లేనిది దిగదు అని ఇంకొకరంటారు. అదీ నిజమే. అయితే ఊళ్ళో ముక్కు మూసుకునేవాళ్ళకు పాండిలో ఆ నాలుక ఎలా మారుతోంది? నాకు తోచిన జవాబు చేదుగానే ఉంటుంది: ఇక్కడ నత్త కూలివాళ్ళ కూర, అక్కడ దొరల వంటకం. మనం అసహ్యం అంటున్నదాంట్లో సగం కులం లెక్కే. శాకాహారుల సంగతి వేరు, వాళ్ళు రెండుచోట్లా మానేస్తారు కాబట్టి వాళ్ళతో పేచీ లేదు.

పిల్లలతో పాండి వెళ్ళేవాళ్ళు నత్తలు తప్పక తెప్పించండి. తినేటప్పుడే, ఇవి మన మడిలోనూ ఉంటాయని, వండేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారని పిల్లలకు చెప్పండి. కప్ప కాళ్ళు మాత్రం అడగొద్దు. ఒకప్పుడు మన కప్పల కాళ్ళు ఓడలెక్కి యూరప్ వెళ్ళేవి. కప్పలు తగ్గితే పొలాల్లో పురుగు పెరుగుతుందన్న భయంతో 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.