మామయ్య పాత పత్రికల కట్ట

పోయిన ఉగాదికి ముందు నేనొక తప్పు చేశాను. ఇల్లు దులుపుతుంటే మామయ్య మంచం కింద గోనెసంచిలో పాత పత్రికల కట్ట కనిపించింది. అట్టలు ఊడిపోయి, అంచులు పొడి రాలుతున్నాయి. పాత పేపర్లతో పాటు దాన్నీ తూకానికి వేసేశాను. అంతా కలిపి నూట పది రూపాయలు. ఆ డబ్బుతో పచ్చడికి మామిడికాయలు కూడా కొన్నాను.

సాయంత్రం మామయ్య వంగి మంచం కింద వెతుక్కుంటున్నారు. నేను చెప్పగానే "ఏం గాదు తియ్ బిడ్డా" అన్నారు. అంతే. రెండు రోజులు ఇచ్చిన టీ ఇచ్చినట్టే చల్లారిపోయింది. తిట్టినా బాగుండేది.

"ఫుట్‌బాల్ బొమ్మలు. చిన్నప్పట్నుంచి దాస్తున్నాడు నాన్న" అన్నారు మావారు. క్రికెట్ వస్తుంటేనే టీవీ వైపు చూడని మనిషి! పదహారేళ్లుగా నాంపల్లిలో ఆ ఇంటి కోడలిని, నాకీ సంగతే తెలీదు.

మా అబ్బాయి తాత అలక తీర్చడానికి 'మైదాన్' సినిమా పెట్టాడు. అప్పుడు మొదలుపెట్టారండీ. సినిమా ఆపించి మరీ చెప్పారు. రహీం సాబ్ బడిపంతులట. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోనే మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ జట్టులో మన ఊరివాళ్లు బోలెడుమంది. ఇప్పుడు ఎల్బీ స్టేడియం అంటున్నామే, అప్పుడది ఫతే మైదాన్. మామయ్య బడి ఎగ్గొట్టి, పబ్లిక్ గార్డెన్ పక్కనుంచి నడిచి ఆట చూడ్డానికి పోయేవారట. (నా కొడుకు ఒక్కరోజు ట్యూషన్ మానితే క్లాసు పీకేది ఈయనే.)

అమ్ముగూడ పిల్లాడు బలరాం కథ చెప్తుంటే మాత్రం గొంతు మారింది. అంత దూరం నుంచి ప్రాక్టీసుకు రాలేనంటే, అద్దె సైకిల్‌కి రహీం సాబే డబ్బులిచ్చారట. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్, పీకే బెనర్జీ ఒక గోల్ వేస్తే దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

"ఆయన పోయినంక నేను మ్యాచ్‌లకు పోవుడు బంద్ జేసిన" అన్నారు మామయ్య. అంటే ఆ కట్టలో ఉన్నదంతా అంతకు ముందుదే.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇడ్లీలు దింపేసి ఆబిడ్స్ వెళ్లడం మొదలుపెట్టాను. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ. ఇంజనీరింగ్ గైడ్లు, ఇంగ్లీషు నవలలు, వంటల పుస్తకాలు... "పాత ఫుట్‌బాల్ పత్రికలున్నాయా" అంటే నన్ను వింతగా చూసేవాళ్లు. నాలుగో వారం ఒక గుట్ట అడుగున 'స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్' సంచిక ఒకటి దొరికింది. మద్రాసు పత్రిక. బేరమాడకుండా నూట యాభై ఇచ్చేశాను.

మామయ్య కళ్లజోడు తుడుచుకుని పేజీ పేజీ తిప్పారు. నాకు గుండె దడ. చివరిదాకా వెతికితే అన్నీ క్రికెట్, టెన్నిసే. ఫుట్‌బాల్ ముక్క లేదు.

"ఎంత పెట్టినవ్?"

చెప్పాను.

"ముంచిండు వాడు నిన్ను. నలభైకి ఇస్తడు." పత్రిక మూసి దిండు కింద పెట్టుకున్నారు. "వచ్చే ఐతారం నేనొస్త."

ఆ ఆదివారం నేను ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టేసరికే చేతికర్ర, గుడ్డసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.