పెరట్ల తంగేడు, దాని చుట్టాలు

నేను గోదావరిఖనిల హాస్టల్‌ల ఉండి డిగ్రీ బీజెడ్‌సీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. పోస్టు కొంచెం పెద్దగ ఉంటది, ఓపికతో చదువండి.

మా హాస్టల్ వెనుక గోడ పొంటి ఎవరూ నాటకుండనే తంగేడు, తుమ్మి, గునుగు, జిల్లేడు మొలిచినయ్. పక్కనే మేం పెట్టిన చిక్కుడు పాదు. ఆకు ముట్టుకుంటే చేతికి బొగ్గు దుమ్ము అంటుతది. అయినా పొద్దున పోయి నిలబడితే ఆ మూలంత జుమ్ముమని మోగుతుంటది.

తంగేడు పువ్వుల తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే. అది గూడ కేసరం కొనకున్న సన్న రంధ్రంలకెళ్లే రావాలె. పెద్ద నల్ల తుమ్మెద పువ్వును పట్టుకొని ఒళ్లంత అదిరిస్తే పుప్పొడి రాలుతది. తేనెటీగకు ఆ విద్య రాదు. బతుకమ్మకు మనం తెంపే పువ్వు, మన రాష్ట్ర పుష్పం, అసొంటి తుమ్మెదలుంటెనే మంచిగ కాయ పడతది.

తంగేడు ఆకు మీద లేతపచ్చ సీతాకోకచిలుక, జిల్లేడు మీద నారింజ రంగుది గుడ్లు పెడతయ్. చిక్కుడుకు పేనుబంక పట్టినప్పుడు అక్షింతల పురుగులొచ్చినయ్. దాని పిల్ల నల్లగ, చిన్న మొసలి లెక్క ఉంటది. చాలామంది చెడ్డ పురుగనుకొని నలిపేస్తరు. కానీ తల్లీ పిల్లా రెండూ పేనుబంకనే తింటయ్. మన బొగ్గు బెల్టులనే, కొత్తగూడెం దిక్కు పునుకుల రైతులు పత్తికి మందులు కొట్టి అప్పులపాలై, తర్వాత వేప కషాయాలకు మళ్లిన్రు. 2004 నాటికి తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకున్నరు. మందు ఆపితె మిత్రపురుగులు బతుకుతయ్, సగం పని అవే చేస్తయ్.

ఇప్పుడు ఆ జాగ సాపు చేసి క్రోటన్లు, లాన్ పెడ్తమంటున్నరు. "జంగల్ లెక్క ఉన్నది" అన్నరు. ఆ మాట నాకు మొక్కల గురించే అన్నట్టు వినిపించలే. హాస్టల్‌కు వచ్చిన కొత్తల మా భాషను, మా ఊరిని గూడ గట్లనే అన్నరు. మా అమ్మకు అక్షరం రాదు. కానీ తుమ్మెద ఎండిన కట్టెకు తొర్ర ఎట్ల పెడ్తదో చిన్నప్పుడే చూపెట్టింది. దాన్నే నేనిప్పుడు రికార్డుల జైలోకోపా అని రాస్తున్న.

మేం నలుగురం దరఖాస్తు రాసినం. జాగ అంత అడుగుతలేం, గోడ పొంటి పది అడుగులు ఇడిచిపెట్టమని. దానికి ఒక పట్టిక జత చేసినం: మొక్క, దాని మీదికొచ్చే పురుగు, అది చేసే పని. సోమవారం ఇస్తం.

గోండి, కోయ, కొలామి మాట్లాడే తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈ పురుగులను మీ ఇంట్ల ఏమంటరో రాయండి. పట్టికల నాలుగో గడి దానికోసమే ఖాళీగ పెట్టినం.