గాలం నేర్పిన పాఠం

చేపలు పట్టడానికి ఎదురు డబ్బు కట్టే మనుషులు ఉంటారని నాకు నలభై ఏళ్లు దగ్గర పడేదాకా తెలియదు. మా ఇంట్లో గాలం సరదా వస్తువు కాదు. కూలి దొరకని రోజున కూర తెచ్చిపెట్టే పనిముట్టు.

మాది వాడపల్లి. మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా వచ్చి, కృష్ణ మీది వంతెన ఎక్కబోయే ముందు తగిలే ఊరు. వంతెన దాటితే పొందుగల, పల్నాడు. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా పారివచ్చిన మూసీ నది మా ఊరి దగ్గరే కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం చూడడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. మా నాయన మాత్రం అక్కడికి వెళ్లింది చేపల కోసమే.

నాయన వ్యవసాయ కూలీ. పని లేని రోజుల్లో చీకటితోనే లేచి, పేడకుప్ప పక్కన తడిమట్టి తవ్వి వానపాములు డబ్బాలో వేసుకొని, వెదురు కర్ర భుజాన పెట్టుకొని బయలుదేరేవాడు. వెనకాల నేను. తంగూసు దారానికి జీలుగ బెండు కట్టి, నీళ్లలో వేసి, ఇద్దరం రాయి మీద కూర్చునేవాళ్లం. మాట్లాడేవాళ్లం కాదు. బెండు ఒకసారి కదిలితే జెల్ల, గుటుక్కున మునిగితే పెద్దది. అంతే నాకు తెలిసిన శాస్త్రం.

నాకు పదేళ్లప్పుడు ఒకనాడు నాయన కర్ర నా చేతికిచ్చి చుట్ట కాల్చుకోవడానికి పక్కకు వెళ్లాడు. బెండు మునిగింది. నేను భయంతో, ఆశతో ఒక్కసారిగా గుంజాను. నీళ్లలో ఒక పెద్ద వాలుగ తెల్లగా మెరిసింది. దారం పటుక్కున తెగింది. ఆ పూట ఇంట్లో కూరకు ఏమీ లేదు. అమ్మ ఎదురు చూస్తున్నదని, తమ్ముడూ చెల్లెలూ ఎదురు చూస్తున్నారని నాకు తెలుసు. దెబ్బలు తప్పవనుకొని ఏడుపు మొదలుపెట్టాను. నాయన వచ్చి, తెగిన దారం చేతిలోకి తీసుకొని చూసి, "పోనీలేరా, దాని ఆయుష్షు గట్టిది" అని కొత్త గాలం కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు పచ్చిమిరపకాయల పచ్చడితో అన్నం తిన్నాం. నాయన ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక నా సంగతి చెబుతాను. సిగ్గుపడుతూనే చెబుతాను.

2018లో మా పెద్దవాడు మిర్యాలగూడలో ఇంటర్మీడియట్ చదువుతూ రెండు సబ్జెక్టులు తప్పాడు. ఇంటికి వచ్చి కూర్చున్నాడు. అడిగినదానికి తప్ప మాట్లాడేవాడు కాదు. ఒక ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకు వాడు కనబడలేదు. ప్రసంగం ముగించి, అందరికీ వందనాలు చెప్పి పంపించి, వెతుక్కుంటూ వెళితే ఏటి ఒడ్డున గాలం వేసుకొని కూర్చున్నాడు. తన డబ్బులు కూడబెట్టుకొని కొనుక్కున్న కర్ర అది. "పాస్టరు కొడుకువై ఉండి, ఆదివారం పూట ఇక్కడ కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అని అరిచాను. ఆ కర్ర లాక్కొని మోకాలికి వేసి విరిచాను. వాడు ఒక్క మాట అనలేదు. లేచి ఇంటికి నడిచాడు.

ఆనాటి నుంచి వాడు నాతో మాట్లాడడం మానేశాడు. హైదరాబాదులో మా తమ్ముడి ఇంట్లో ఉండి మళ్లీ పరీక్షలు రాశాడు. ఫోను చేస్తే వాళ్లమ్మతోనే. "డాడీకి ఇస్తున్నా" అని ఆమె అనేలోపు లైను కట్టయ్యేది. నేను ఇతరుల ఇళ్లలో తండ్రీకొడుకుల తగవులు తీర్చి ప్రార్థన చేసి వస్తుంటే, మా ఇంట్లో ఇదీ పరిస్థితి.

ప్రియ చదువరులారా, ఇలా ఉండగా 2019 జూన్‌లో న్యూజిలాండ్ దేశంలో ఆక్లాండ్ నగరంలోని కొన్ని తెలుగు కుటుంబాల వారు తమ కూటాలకు రమ్మని నన్ను పిలిచారు. ప్రయాణ ఖర్చులన్నీ వారే పెట్టుకున్నారు. నాకు ఆతిథ్యమిచ్చిన సహోదరుడు కోదాడ ప్రాంతం వాడు. కూటాలు ముగిశాక, "అయ్యగారూ, మీరు ఏటి ఒడ్డున పెరిగినవారు గదా, రేపు మిమ్మల్ని ఒక ఏటికి తీసుకెళతాను" అన్నాడు.

కారులో సుమారు నాలుగు గంటల ప్రయాణం. తౌపో అనే మహా సరస్సు, దాని వైశాల్యం 600 చదరపు కిలోమీటర్ల పైమాటే. పూర్వం అగ్నిపర్వతం పేలి ఏర్పడిన గుంటలో నిలిచిన నీరది. దాని దక్షిణపు కొసన తురంగి అనే చిన్న ఊరు. మంచు కప్పిన కొండల వైపు నుంచి వచ్చే తొంగరీరో నది ఆ ఊరి పక్కగా పారి సరస్సులో కలుస్తుంది. మనకు ఎండలు ముగిసే జూన్ నెల అక్కడ చలికాలం. ఆ చలిలో సరస్సులోని ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతాయి. వాటిని పట్టడానికి ఎన్నో దేశాల నుంచి మనుషులు వస్తారు. దగ్గరుండి పట్టించడానికి అక్కడ గైడ్లు ఉంటారు.

ఒక రోజుకు గైడుకు ఇచ్చే సొమ్ము ఎంతో విని నా గుండె ఆగినంత పనైంది. మా ఊళ్లో ఒక కూలీ రెండు నెలలు కష్టపడినా రాని డబ్బు. "ఇంత డబ్బు ఎందుకు తమ్ముడూ?" అన్నాను. అతడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "ఈ దేశం వచ్చిన మొదటి సంవత్సరం మా నాన్న చనిపోయాడు అయ్యగారూ. వెళ్లలేకపోయాను. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఈ ఏటికి వచ్చేవాణ్ణి. మిమ్మల్ని తీసుకురావాలని అనిపించింది." ఇక నేను డబ్బు మాట ఎత్తలేదు.

గైడు అరవై దాటిన మనిషి. నాది అంతంత మాత్రపు ఇంగ్లీషు గనుక సహోదరుడు మధ్యలో తెలుగులో చెబుతూ వచ్చాడు. మొదట లైసెన్సు చూశాడు. ఒక్కరోజు పట్టినా లైసెన్సు ఉండాల్సిందే. తర్వాత మా బూట్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూశాడు. 2004లో ఆ దేశపు దక్షిణ దీవిలో డిడిమో అనే ఒక నాచు కనబడి, నదుల అడుగున రాళ్లను జిగురుగా కప్పేసిందట. కంటికి కనబడని ఆ నాచు ఒక నది నుంచి మరో నదికి బూట్ల తడిలో పోతుందని, బూట్లూ సామానూ కడిగి ఆరబెట్టనిదే ఎవరూ వేరే నదిలో అడుగు పెట్టకూడదని కట్టడి. నదిలో దిగే ముందు కాళ్లు కడుక్కోవడం నేను అక్కడే చూశాను. హైదరాబాదు మురుగునంతా మోసుకొని మా ఊరికి వచ్చే మూసీ గుర్తుకొచ్చి తల వంచుకున్నాను.

ట్రౌట్ ఆ దేశంలో పుట్టిన చేప కాదు. 1864లో ఇంగ్లండు నుంచి నార్ఫోక్ అనే ఓడలో, చెక్కపెట్టెల్లో తడి నాచు మధ్య గుడ్లు పేర్చి, వాటిపై మంచు వేసి, సుమారు మూడు నెలలు ప్రయాణం చేయించి ఆస్ట్రేలియా వైపుకు తెచ్చారు. అక్కడి టాస్మేనియా దీవి నుంచి 1867లో న్యూజిలాండ్‌కు చేరాయి. ఒంటి మీద గులాబిరంగు చార ఉండే మరో రకం 1883లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి వచ్చింది. మన దేశంలో కూడా కాశ్మీరులో, నీలగిరుల్లో తెల్లదొరలు ఇలాగే ఈ చేపను పెంచారు. మన కృష్ణలో మాత్రం బతకదు. దానికి చల్లగా, జోరుగా పారే నీరు కావాలి.

ఇంకొక వింత. ఆ దేశంలో ట్రౌట్‌ను అమ్మడం చట్టరీత్యా నేరం. బజారులో దొరకదు. తినాలంటే పట్టుకోవాలి, లేదా పట్టినవాడు ఊరికే ఇవ్వాలి.

నడుము దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకొని నీళ్లలో దిగాం. ఎర పేరు ఫ్లై. అంటే ఈగ. నిజం ఈగ కాదు, చిన్న గాలానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులాగా చేసింది. దానికి బరువే ఉండదు. మనం గాలం విసిరితే సీసపు గుండు బరువుకు దారం వెంట పోతుంది. అక్కడ దారమే లావుగా, బరువుగా ఉంటుంది. కర్రను వెనక్కీ ముందుకూ ఊపితే దారం గాలిలో చాచుకొని ఈగను మోసుకుపోతుంది. నాకు గంటసేపు దారం నా టోపీకే చుట్టుకుంది. కానీ దారానికి కట్టిన చిన్న ఉన్ని కుచ్చు నీటి మీద తేలుతూ పోతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. అది మా నాయన కట్టిన జీలుగ బెండే!

నేను వేదాంత విద్యలో డిప్లొమా చేసినవాణ్ణి. పేతురు వలల మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. అయితే నాలుగు సువార్తలలో గాలం వేసిన సంగతి ఒకే చోట ఉంది. మత్తయి 17వ అధ్యాయంలో, పన్ను కట్టవలసి వచ్చినప్పుడు ప్రభువు పేతురును సముద్రానికి వెళ్లి గాలం వేయమన్నాడు. వల మందను పడుతుంది. గాలం ఒక్కదానినే పడుతుంది. మందను చూసే పనిలో నేను ఒక్కణ్ణి పోగొట్టుకున్నానని ఆ నీళ్లలో నిలబడి ఉండగా తోచింది.

కుచ్చు మునిగింది. ఎత్తాను. చేప తగిలింది. అది ఒక్క ఉదుటున ప్రవాహం వెంట పరుగెత్తింది. నేను పదేళ్ల పిల్లవాడిలాగే బిగించి పట్టాను. దారం తెగింది. రెండోసారీ అంతే. గైడు కోప్పడలేదు. తెగిన కొస చేతిలోకి తీసుకొని, కొత్త ఈగను కట్టసాగాడు. ఆ వంగిన తల, ఆ వేళ్ల కదలిక చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. చలికి అనుకున్నారు వాళ్లు.

కట్టడం అయ్యాక ఆయన చెప్పాడు. "చేప పరుగెత్తేటప్పుడు పరుగెత్తనివ్వండి. దానికి దారం ఇవ్వండి. కానీ వదులు చేయకండి. ఈ గాలానికి ములుకు లేదు, వదులైతే జారిపోతుంది. బిగిస్తే తెగుతుంది. మీరు ఇవతల ఉన్నారని దానికి తెలుస్తూ ఉంటే చాలు. అలిసినప్పుడు అదే వస్తుంది."

మూడోసారి అలాగే చేశాను. చాలాసేపటికి వచ్చింది. మూరెడు పైగా పొడవు, ఒంటి మీద గులాబి చార, కడుపు నిండా గుడ్లు. చేతులు తడుపుకొని పట్టుకోమన్నాడు. పొడి చేతులకు దాని ఒంటి జిగురు ఊడి జబ్బు పడుతుందట. "ఉంచుకుంటారా, వదిలేస్తారా?" అని అడిగాడు.

నాకు మాట రాలేదు. పట్టిన కూరను ఏట్లో పారేయడం మా ఇంట్లో వినని మాట. మా నాయన ఉంటే నవ్వేవాడు. కడుపు నిండినవాడికి వదలడం తేలిక. అందులో గొప్పతనం ఉందని నేను చెప్పను. ఆకలితో గాలం వేసినవాడు చేపను ఇంటికి తెచ్చుకోవడంలో తప్పూ లేదు. అయినా ఆ రోజు నాకు ఆకలి లేదు. దాని తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, నీళ్లలోనే మెల్లగా పట్టుకున్నాను. మొప్పలు నిదానంగా ఆడాయి. ఉన్నట్టుండి దానంతటదే చేతుల్లోంచి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక మొదట నా భార్యకు చెప్పాను. ఆమె అంతా విని, "ఇది వాడికి చెప్పండి, నాకు కాదు" అంది. మిర్యాలగూడ వెళ్లి మామూలు గాలపు కర్రలు రెండు కొన్నాను. వాడు సెలవుకు వచ్చినప్పుడు, "విరిచింది నా తప్పురా, క్షమించు" అన్నాను. వాడు తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు చీకటితో నేనొక్కణ్ణే ఏటికి వెళ్లాను. మరుసటి రోజూ ఒక్కణ్ణే. మూడో రోజు నేను కూర్చున్న కాసేపటికి వెనకాల అడుగుల చప్పుడైంది. వాడు రెండో కర్ర తీసుకొని పక్కన కూర్చున్నాడు. ఎంతసేపో మాట్లాడలేదు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు.

"కర్ర విరిచినందుకు కాదు డాడీ. నలుగురూ ఏమనుకుంటారని అడిగావు. ఇక్కడికి ఎందుకొచ్చావని అడగలేదు."

"ఎందుకొచ్చావు?" అన్నాను. ఏడాది ఆలస్యంగా.

"ఫెయిలయినవాణ్ణి. మందిరంలో అందరూ ముందు నా గురించే అడుగుతారు. ఇక్కడ ఎవరూ అడగరు."

అప్పుడు వాడికి వాళ్ల తాత సంగతి, తెగిపోయిన వాలుగ సంగతి చెప్పాను. ఆ రోజు మాకు పడింది రెండు జెల్లలు. ఇంటికి తెచ్చి పులుసు పెట్టించుకున్నాం.

ఇప్పుడు వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రతి ఆదివారం మందిరానికి వెళుతున్నాడని నేను మీకు వ్రాయలేను. కొన్నిసార్లు వెళతాడు, కొన్నిసార్లు వెళ్లడు. తానే నాకు ఫోను చేస్తాడు. నేను దారం ఇస్తున్నాను. వదులు చేయకుండా ఉండడానికి మోకాళ్ల మీద ప్రయాసపడుతున్నాను. ఇది విరిచినంత తేలిక కాదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట్లోనూ మౌనంగా కూర్చున్న పిల్లవాడు ఒకడు ఉండవచ్చు. నలుగురి మాట పక్కన పెట్టి, వాడు ఎక్కడ కూర్చుంటున్నాడో అక్కడికి వెళ్లి పక్కన కూర్చోండి. ఎందుకని ఒక్కసారి అడగండి. ఆ తర్వాత వాడు చెప్పేదాకా కాచుకొని ఉండండి. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక.