సత్రపట్టి నుంచి సుంకచావడి దాకా

మా ఊరు సత్రపట్టి రాజపాళయానికి తూర్పున ఉన్నది. పడమట చూస్తే కొండల వరుస కనబడుతుంది. తక్కిన దిక్కులనుంచి మగ్గాల చప్పుడు వినబడుతుంది. రాజపాళయంలో నూలు మిల్లులు, మా ఊరిలో బ్యాండేజి గుడ్డ నేత. ఆసుపత్రిలో గాయానికి కట్టే పలుచని తెల్లగుడ్డ ఎక్కడిదని ఎవరూ అడుగరు. అడిగితే, దానిలో చాలా భాగం మా ఊరి చుట్టుపట్ల నేసినదే అని చెప్పవచ్చును. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు కాగితాలలో ఇంగ్లీషు. మూడింటితోనూ మాకు పొద్దు గడిచిపోతున్నది.

ఊరి పేరులోనే సత్రం ఉన్నది. ఈ దక్షిణ దేశంలో సత్రమంటే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది రాణి మంగమ్మ. 1689 నుంచి ఇంచుమించు పదునారు, పదునేడేళ్ళపాటు మనుమడు విజయరంగ చొక్కనాథుని పేర మదురై నేలిన ఆ తల్లి బాటలు వేయించి, సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషను ఎదుట మంగమ్మ సత్రం నేటికీ ఆమె పేరు చెబుతూనే ఉన్నది. ఆ కాలంలోనూ సుంకాలు లేకపోలేదు. రాజ్యమన్న తరువాత సుంకం తప్పదు గదా! నేడు పెద్ద రోడ్డు మీద తమిళంలో సుంగచ్చావడి అని బోర్డు కనబడుతుంది. సుంకమూ మన మాటే, చావడీ మన మాటే. కాబట్టి ఆ బోర్డు చూచి మేము పరాయివారమైపోలేదు.

కిందటి సంవత్సరం, అంటే 2025 లో, మా ఇంటికి ఒక పాత కారు వచ్చింది. అమ్మకు కంటిచూపు మందగించింది. నెలకొకసారి మదురైకి తీసికొని వెళ్ళవలె. బస్సు దిగి, బస్సు ఎక్కి ఆమె అలసిపోతున్నది. అందుచేత మదురైలో ఒక పెన్షను పెద్దాయన వద్ద ఆయన వాడిన కారు కొన్నాము. దాని ముందు అద్దానికి లోపలి వైపు, నడుమ పైభాగాన, చీటీవంటిది ఒకటి అంటించి ఉన్నది. అదే ఫాస్టాగ్.

ఈ చీటీ పని తీరు చాలామందికి తెలిసినట్లే ఉంటుంది గాని, అడిగితే చెప్పలేరు. దానిలో బ్యాటరీ లేదు, డబ్బూ లేదు. సన్నని చిప్పు ఒకటి, దానికి యాంటెన్నా ఒకటి, అంతే. సుంకచావడిలో పైన అమర్చిన యంత్రం రేడియో తరంగాలు పంపుతుంది. ఆ తరంగాల బలంతోనే చీటీ మేలుకొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు ఏ బ్యాంకు ఇచ్చినదో ఆ బ్యాంకుకు కబురు వెళుతుంది. అక్కడి ఖాతాలో సుంకం తగ్గుతుంది. ఇక్కడ గేటు లేస్తుంది. ఈ బ్యాంకుల నడుమ లెక్క చూచేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. మావంటి గుమాస్తాల మాటలో చెప్పవలెనంటే, చీటీ డబ్బు సంచి కాదు. లెడ్జరులో పేజీ నంబరు మాత్రమే. ఆ పేజీ ఎవరిదో వారి డబ్బే పోతుంది.

ఈ పద్ధతి మన దేశంలో పుట్టినది కాదు. అమెరికాలో మనవారు విస్తారంగా స్థిరపడిన డాలస్ నగరంలో 1989 లోనే టోల్ ట్యాగ్ వచ్చింది. సింగపూరులో 1998 లో వచ్చిన పద్ధతిలో డబ్బు నింపిన కార్డును కారులోని చిన్న పెట్టెలో పెట్టవలసి ఉండేది. మన దేశంలో 2014 లో ముంబయి–అహమదాబాదు దారిలో మొదట పరీక్షించారు. 2017 డిసెంబరు 1 నుంచి అమ్మే కొత్త కార్లకు ముందే అంటించి ఇవ్వవలెనన్నారు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల మీద అన్ని వరుసలూ ఫాస్టాగ్ వరుసలే అయినవి.

ఇక మా సంగతి. కారు కొని ఇంటికి తెస్తూ కప్పలూరు సుంకచావడి చేరినాము. మేము పర్సు తీయకముందే గేటు లేచింది. వెనుక వాహనాలు హారను మ్రోగిస్తున్నవి, ముందుకు సాగినాము. ఆ సుంకం పెద్దాయన ఖాతాలో తగ్గినదన్నమాట. సాయంత్రం ఆయనకు ఫోను చేసి ఈ సంగతి చెప్పినాము. "అలాగా తంబీ! ఏవో మెసేజులు వస్తుంటవి. ఇంగ్లీషులో ఉంటవి, నా కంటికి ఆనవు" అన్నాడాయన. ఖాతాలో డబ్బు తగ్గినప్పుడెల్లా పెన్షను ఖాతానుంచి దానంతట అదే నిండే ఏర్పాటు ఆయన కొడుకు ఎప్పుడో చేసిపెట్టి, ఉద్యోగానికి దూరదేశం వెళ్ళాడట. అంటే మేము నోరు మూసుకొని ఊరుకుంటే, మా అమ్మ కంటి ప్రయాణాలన్నిటికీ మరొక ముసలి కంటివాని పెన్షను ఖర్చవుతూ ఉండేది.

ఇంటిలో చిన్న చర్చ జరిగింది. "ఎన్నిసార్లు వెళితే అంత లెక్కగట్టి నెల చివర ఆయనకు పంపితే పోలా? చీటీ ఎందుకు చింపడం, బావా?" అన్నాడు మా బావమరిది. మాట సబబుగానే ఉన్నది. కాని అమ్మ ఒప్పుకోలేదు. "ఒకరి మూటలో చేయి పెట్టుకొని దారి నడవకూడదు నాయనా. ఒక నెల మరచిపోతే ఆయన ఎవరిని అడుగుతాడు?" అన్నది. పెద్దాయనతో చెప్పి ఆ చీటీ తీసివేసినాము. ఒకసారి ఊడదీస్తే అది మరి పనికిరాదు; మరొక బండికి అంటించడానికి వీలు లేకుండానే తయారు చేస్తారు. ఆ రోజు సుంకం ఆయనకు పంపినాము. వద్దు వద్దంటూనే పుచ్చుకొన్నాడు.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. ఒక బండికి ఒకే ఫాస్టాగ్ అన్నది నియమం. కొత్తదానికి బ్యాంకుకు వెళితే, ఈ నంబరు మీద ఇదివరకే ఒకటి ఉన్నది, అది మూస్తేనే మరొకటి అన్నారు. మూయవలసినది పెద్దాయన, ఆయన బ్యాంకు వారు అమ్మిన కాగితం అడిగినారు. మా పేరుకు మారిన ఆర్.సి. నకలు పంపినాము. ఒకరు చూస్తామన్నారు, మరొకరు మళ్ళీ పంపమన్నారు. తొమ్మిది రోజులు గడిచినవి.

ఆ నడుమనే డిసెంబరులో అమ్మకు మదురైలో డాక్టరును చూడవలసిన తేదీ వచ్చింది. వాయిదా వేయడానికి లేదు. తెల్లవారుజామున బయలుదేరినాము. రాజపాళయం దాటి శ్రీవిల్లిపుత్తూరు చేరేసరికి ఆండాళ్ కోవెల గోపురం మీద ఎండ పడుతున్నది. మార్గళి నెల, మైకులో పాశురాలు. మన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన ఊరు ఇదే గదా అని మేమనగా, "మనవారు ఈ దారిన వచ్చినప్పుడు సుంకం ఎంత కట్టారో" అని అమ్మ నవ్వింది. టి. కల్లుపట్టి, తిరుమంగలం దాటి కప్పలూరు చేరినాము. ఈ సుంకచావడి విషయమై తిరుమంగలం వారు ఏళ్ళ తరబడి ఆందోళన చేసిన సంగతి పాఠకులు పత్రికలలో చదివే ఉంటారు.

2025 నవంబరు 15 న వచ్చిన నియమం ప్రకారం, పనిచేసే ఫాస్టాగ్ లేని బండి అప్పట్లో నగదు ఇస్తే రెట్టింపు, ఫోనులో యూపీఐ ద్వారా చెల్లిస్తే ఒకటింబాతిక కట్టవలసి ఉండేది. అనగా 100 రూపాయల చోట నగదైతే 200, ఫోనులో అయితే 125. మేము ఫోనులో చెల్లించినాము. ఆ పాతిక వంతు అదనం మాకు బాధ అనిపించలేదు. అది మా పేజీలో పడిన ఖర్చు. మరొకరి పేజీలోది కాదు.

ఆ మరునాడే పాతది మూసినట్లు కబురు వచ్చింది. ఆర్.సి., గుర్తింపు కార్డు, కారు ఫోటోలు ఇచ్చినాము. బ్యాంకు వారు కొంత రుసుమూ, తిరిగి వచ్చే డిపాజిటూ పుచ్చుకొన్నారు. కార్లకు ఊదారంగు చీటీ. అద్దం లోపలివైపు తడి లేకుండా తుడిచి, అద్దం నడుమ పైన, వెనుక చూపే అద్దం వెనుకగా అంటించి, గుడ్డతో ఒత్తినాము. గుడ్డ మా ఊరిదే!

పాఠకులకు పనికివచ్చే నాలుగు మాటలు చెబుతాము. పాత కారు అమ్మినా కొన్నా, ఆర్.సి. తోపాటు ఫాస్టాగ్ సంగతి కూడ ఆ రోజే తేల్చుకోండి. ప్రయాణానికి ముందురోజు సాయంత్రమే డబ్బు ఎంత ఉన్నదో చూచుకోండి. 24 గంటలలోగా అదే దారిన తిరిగి వస్తే రాకపోకలకు కలిపి ఒకటిన్నర వంతే తగ్గుతుంది. తగ్గినదో లేదో సరిచూడండి. చీటీ బాగుండి, ఖాతాలో డబ్బుండి, అక్కడి యంత్రం పని చేయకపోతే సుంకం లేకుండానే విడిచి, సున్నా రసీదు ఇవ్వవలెనని నియమం ఉన్నది. అనుమానం వస్తే 1033 నంబరుకు ఫోను చేయవచ్చును. తరచు తిరిగే సొంత కార్లవారికి 2025 ఆగస్టు 15 న 3000 రూపాయల సంవత్సరపు పాసు మొదలుపెట్టారు. 200 సార్లు దాటడమో, ఏడాది గడవడమో, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. జాతీయ రహదారుల చావళ్ళలోనే దాని చెల్లుబాటు.

ఇంకొక్క మాట. మన ఇళ్ళలో పిల్లలు దూరదేశాలలో ఉండి, పెద్దవారి ఫోనుల్లో ఇటువంటి ఏర్పాట్లు ఎన్నో చేసి వెళుతుంటారు. డబ్బు దానంతట అదే పోతూ ఉంటుంది. అది చెప్పే మాట పెద్దలకు రాని భాషలో వస్తుంది. వారంలో ఒకరోజు, పక్కింటి పెద్దవారైనా సరే, వారి పక్కన కూర్చొని ఆ మెసేజులు తెలుగులోనో తమిళంలోనో చదివి వినిపించండి. దానికి సుంకం లేదు.