ఆదిలాబాదు దారి - పెట్రోలు విచారణ

కరీంనగరమునుండి ఆదిలాబాదునకు బోవు దారిలో గోదావరియే మేర. ఈవలి యొడ్డున కాకతీయ కాలువ నీట బండెడు వరిచేలు. ఆవలి యొడ్డున గుట్టలు, టేకు వనములు. గడచిన మార్గశిరమున, ఆదిలాబాదులోనున్న మా ఆడుబిడ్డను జూచుటకై మేము పిల్లలతో గూడ చిన్న కారులో నీ దారిని బోయితిమి. బండి నడిపినది మా మఱిది.

జగిత్యాల దాటినపిమ్మట నొక బంకులో నాగగా, "సాదా పెట్రోలా, ప్రీమియమా?" యని యడిగిరి. "వదినా, ముందు నిర్మల ఘాటున్నది. ప్రీమియమైనచో బండి బలముగా నెక్కును" అని మఱిది చెప్పెను. దాని వెల లీటరునకు 8 రూపాయలు హెచ్చు. 30 లీటర్లకు 240 రూపాయలు. ఒక్క ఉపాధ్యాయుని జీతముతో నడచు సంసారమునకు నిది తేలికగా విడుచు సొమ్ము కాదు. అయినను, గుట్టమీద పిల్లలతో బండి నిలిచిపోవునేమో యను భయమును గలదు. మావారు బండితో వచ్చిన పుస్తకము దీసి చూచిరి. అందు 91 ఆక్టేనుగాని, అంతకు మించినదిగాని వాడవలెనని యున్నది.

ఈ ఆక్టేనన నేమి? ఇంజనులో పెట్రోలావిరి గాలితో గూడి గట్టిగా నొత్తబడును. అప్పుడు నిప్పురవ్వ తగిలి మండవలెను. ఒత్తిడికి తాళలేక కొంత యావిరి తనంత దానే మండెనేని, లోపల టకటక చప్పుడు పుట్టి, క్రమముగా ఇంజను చెడును. ఆ యొత్తిడికి పెట్రోలెంత తాళునో తెలుపు కొలతయే ఆక్టేను సంఖ్య. అది ఓర్పునకు కొలతగాని బలమునకు గాదు. ఇథనాలు ఆక్టేను 100కు మించినది. అయినను లీటరు ఇథనాలులోని శక్తి, లీటరు పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే.

మన దేశమున 2020 ఏప్రిలునుండి అమలైన బీఎస్-6 ప్రమాణమునుబట్టి సాదా పెట్రోలునకు కనీసము 91 ఆక్టేనుండవలసి యుండెను. 2025 నాటికి దానిలో నూటికి 20 పాళ్లు ఇథనాలు చేరినందున, ఆ యోర్పు మఱింత హెచ్చినది. ఇదంతయు నాలోచించి సాదాయే పోయించితిమి.

సోను వంతెనపై గోదావరి దాటి నిర్మల చేరితిమి. మిగిలిన 240 రూపాయలకు పొనికి కఱ్ఱ బొమ్మలు పిల్లలకు గొంటిమి. పిమ్మట మహబూబు ఘాటు పాతదారి. మలుపు మలుపునకు మఱిది గేరు తగ్గించి నిదానముగా నెక్కించెను. మేము చెవియొగ్గి వింటిమి, టకటక వినబడలేదు. నేరెడిగొండ చెంత మెట్లు దిగి, కడెము నది బండలపైనుండి దుముకు కుంతాల జలపాతమును గన్నులార జూచి, ప్రొద్దుగ్రుంకునప్పటికి ఆదిలాబాదు చేరితిమి.

ప్రీమియము నిరర్థకమని మా భావము గాదు. టర్బో గల కొన్ని ఇంజన్లకు 95 కావలెనని తయారుచేసినవారే వ్రాయుదురు. వానికి అంతకు తక్కువది పోయుట లోభము. సాదా చాలునన్న బండికి ప్రీమియము పోయుట, కడుపు నిండినవానికి రెండవ విస్తరి వేయుట. తగిన పెట్రోలు పోసినను గుట్టయెక్కునపుడు టకటక వినవచ్చినచో, ముందుగా మెకానికునకు చూపవలెను.

సోదరీమణులారా! ఇంటి వెచ్చములు వ్రాయు చేతులు మనవి. పెట్రోలు ముచ్చట మగవారిదని యూరకుండక, పెట్రోలు మూతలోపలనో, బండి పుస్తకములోనో యున్న యా సంఖ్యను మనమును చదివి యుంచుకొందము.