నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

1996 ఎండాకాలంలో మా నాన్నగారి అంబాసిడర్ దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే మొరాయించేది. వేడి చూపే ముల్లు ఎర్రగీతకు చేరేది, ఆగిన ప్రతిసారీ నీళ్లు పోయాల్సి వచ్చేది. ఒక షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు, ఇంకో షెడ్డులో కొత్త రేడియేటర్ వేయించమన్నారు. మార్కాపురం మెకానిక్ భాయ్ మాత్రం "రాత్రికి బండి ఇక్కడే వదిలేయండి మేష్టారూ. చల్లారితేగానీ నిజం చెప్పదు" అన్నాడు.

తెల్లారి నేనూ వెళ్లాను. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలిపోతుందని నన్ను దూరంగా నిలబెట్టేవాడు. చల్లని బండి కాబట్టి ఆరోజు దగ్గరికి పిలిచాడు. మూత కింది రబ్బరు వాషర్ గట్టిపడి పగిలిపోయింది. మూత బిగువుగా ఉంటేనే లోపల ఒత్తిడి నిలుస్తుంది, నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మా నీళ్లన్నీ పోతున్నది ఆ దారినే.

కానీ వేడి అంతగా ఎందుకు ఎక్కుతోంది? డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలలా తెల్లబడలేదు. మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే రేడియేటర్ నోట్లో బుడగలు రాలేదు. గ్యాస్కెట్ బాగానే ఉన్నట్టుంది అన్నాడు. మూత బిగించి బండి వేడెక్కాక పట్టుకుంటే పై హోస్ కాలుతోంది, కింది హోస్ చల్లగా ఉంది. ఇంజిన్ ఆపి, రేడియేటర్ మీద అరచెయ్యి జాగ్రత్తగా ఆనించాడు. అంచులు వేడి, మధ్యలో చల్లన. అంటే మధ్యలో నీళ్లు సరిగా పారడం లేదు. అంతటితో ఊరుకోక, బండి చల్లారాక, రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్ విప్పి కిరోసిన్ స్టవ్ మీద గిన్నెడు నీళ్లలో తీగతో వేలాడదీశాడు. నీళ్లు మరగకముందే అది తెరుచుకోవడం నా కళ్లతో చూశాను, అంటే తప్పు దానిది కాదు. నాకు ఇంజిన్ల మీద ఇష్టం పుట్టింది ఆ గిన్నె దగ్గరే.

"ఇన్నాళ్లూ ఏ నీళ్లు పోశారు?"

"బోరు నీళ్లే భాయ్."

రేడియేటర్ పై ట్యాంకు టంకం కరిగించి విప్పించాడు. గొట్టాల్లో సున్నంలా తెల్లటి పొర పేరుకుని ఉంది. ఇత్తడి, రాగి రేడియేటర్ కనుక సన్నని కడ్డీలతో పొడిచి శుభ్రం చేసి, మళ్లీ టంకం పెట్టించగలిగాడు. కొత్త మూత వేసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగంసగం కలిపి పోశాడు.

"మన ఎండలకు ఆ థర్మోస్టాట్ ఎందుకు భాయ్, తీసేయమంటున్నారుగా అందరూ?" అన్నారు నాన్నగారు.

"తీసేస్తే ఇంజిన్‌కు కావలసిన వేడి రాదు మేష్టారూ, పెట్రోలు తాగుతుంది" అంటూ దాన్ని తుడిచి, దాని చోట్లోనే బిగించాడు.